ఏ కాగితం మీద ఎవరి పేరుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డబ్బు గురించే. పైకి చూస్తే అత్తగారి మాటలు, మొగుడి మౌనం, బావమరిది చేసిన పని అన్నట్టు ఉంటాయి గానీ, రెండోసారి చదివితే అన్నిట్లోనూ ఒకే విషయం కనిపించింది. అప్పు కాగితం మీద ఒకరి పేరు, ఆస్తి కాగితం మీద ఇంకొకరి పేరు. సంతకం పెట్టేటప్పుడు ఎవరూ అడగరు, మనవాళ్లే కదా అనుకుంటారు, తర్వాత ఏళ్ల తరబడి ఆ సంతకం గురించే ఇంట్లో యుద్ధం. అందుకే నాలుగు ఉత్తరాలు తీసుకుని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ప్రశ్న: మేడం గారూ, మాది విజయనగరం దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. పెళ్లయి ఆరేళ్లు, ఒక పాప. నాలుగేళ్ల కింద ఫ్లాట్ కొన్నాం. నెలకు 62 వేల ఈఎంఐ నా అకౌంట్ నుంచే పోతుంది. ఆయన జీతంతో ఇల్లు గడుస్తుంది, మిగిలింది ఊళ్లో పొలం మీద పెడుతున్నారు. లోన్‌లో నేను కో-అప్లికెంట్‌ని, రిజిస్ట్రేషన్ మాత్రం ఆయన పేరు మీద, మా అత్తగారి పేరు మీద అయింది. అప్పుడు నేను పురిటికి పుట్టింట్లో ఉన్నాను. ఇప్పుడు మా నాన్నకు డయాలసిస్ మొదలైంది. మేం ఇద్దరం ఆడపిల్లలమే. నెలకు 15 వేలు పంపుతానంటే అత్తగారు ‘పెళ్లి చేసి పంపేసిన కూతురి సొమ్ము తింటారా’ అన్నారు. మా ఆయన ఏమీ అనలేదు, నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. ఆయనకు చెప్పకుండా పంపేయనా?

జవాబు: చెప్పకుండా పంపొద్దమ్మా. తప్పు పని కాబట్టి అనడం లేదు. ఇంత సరైన పనిని దొంగచాటుగా ఎందుకు చేయాలి అంటున్నాను. ఏదో ఒక రోజు బ్యాంకు మెసేజ్ ఆయన కంట పడుతుంది, అప్పుడు మాట్లాడాల్సిన మీ నాన్నగారి ఆరోగ్యం పక్కకుపోయి ‘నాకెందుకు దాచావు’ అన్నదే పెద్ద గొడవ అవుతుంది. అలాగని అనుమతి కూడా అడగొద్దు. ‘ఈ నెల నుంచి నాన్నకు 15 వేలు పంపుతున్నాను’ అని చెప్పండి. అడగడానికీ చెప్పడానికీ ఉన్న తేడా ఆయనకు అర్థమవుతుంది.

మీ అత్తగారి మాటకు చట్టంలో జవాబుంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం వృద్ధులైన, జబ్బుపడిన తల్లిదండ్రులను పోషించే బాధ్యత కొడుకుతో సమానంగా కూతురికీ ఉంది. పెళ్లయిన కూతురు కూడా తల్లిదండ్రుల మనోవర్తికి బాధ్యురాలేనని 1987లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఆయన తన తల్లికి చేస్తున్నదీ మీరు మీ నాన్నకు చేయబోయేదీ ఒకటే. ఈ మాట అత్తగారితో వాదించడానికి వాడకండి, ఆవిడ పెరిగిన కాలంలో కూతురి ఇంట్లో మంచినీళ్లు కూడా తాగని తల్లిదండ్రులుండేవారు, ఆవిడ అక్కడి నుంచే మాట్లాడుతున్నారు. మీ ఆయనతో మాత్రం సూటిగా మాట్లాడండి, అదీ ఆవిడ ముందు కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు. ఆ రోజు ఆయన నోరు విప్పకపోవడం మిమ్మల్ని ఎంత ఒంటరిని చేసిందో ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు. అమ్మ మాట్లాడుతుంటే మాట్లాడకపోవడమే మంచితనం అని మన మగపిల్లలకు చిన్నప్పటి నుంచీ నేర్పాం, పెళ్లయ్యాక ఆ మంచితనం ఎవరికి నొప్పి అవుతుందో మాత్రం నేర్పలేదు.

మీ నాన్నగారికి తెల్ల రేషన్ కార్డు ఉంటే డయాలసిస్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరుగుతుంది. పెన్షన్‌కు అర్హత ఉందేమో కూడా గ్రామ సచివాలయంలో అడగండి. దాన్నిబట్టి మీరు పంపాల్సింది 15 వేలా, తక్కువా అన్నది తేలుతుంది.

ఇక నన్ను నిజంగా కంగారుపెట్టింది మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన విషయం. నెలకు 62 వేలు చొప్పున నాలుగేళ్లలో మీరు కట్టింది దాదాపు 30 లక్షలు. కో-అప్లికెంట్ కాబట్టి రేపు మీ ఆయన ఉద్యోగం పోయినా, మీ ఇద్దరికీ పడకపోయినా, బ్యాంకు మొత్తం బాకీని మీ ఒక్కరి దగ్గరే వసూలు చేయొచ్చు. ఇల్లు మాత్రం మీది కాదు. పెళ్లయినంత మాత్రాన భర్త ఆస్తిలో సగం భార్యదైపోతుందని చాలామంది అనుకుంటారు, సినిమాల ప్రభావమో ఏమో. మన చట్టంలో అలా లేదు. ఆ ఇంట్లో నివసించే హక్కు కోసం కోర్టుకు వెళ్లొచ్చు, యాజమాన్యం కావాలంటే దస్తావేజులో పేరుండాలి, లేదా డబ్బు నాదని ఏళ్లపాటు కోర్టులో నిరూపించుకుంటూ తిరగాలి. పాత పన్ను విధానంలో హోమ్ లోన్ మినహాయింపు కూడా దస్తావేజులో పేరున్నవాళ్లకే, మీరు కడుతూ కూడా అది పొందలేరు.

ఏం చేయాలంటే, ముందు ఒక ప్రశ్న అడగండి. డౌన్ పేమెంట్ ఎవరిచ్చారు? అత్తగారు తన పొలమో నగలో అమ్మి ఇచ్చి ఉంటే ఆవిడ పేరు ఉండటం న్యాయమే, తీయమని అడగొద్దు. మీ పేరు కలపమని అడగండి. రిజిస్టర్డ్ గిఫ్ట్ సెటిల్‌మెంట్ ద్వారా మీ ఆయన తన వాటాలో కొంత మీకు రాయొచ్చు. ఇల్లు తనఖాలో ఉంది కాబట్టి బ్యాంకు ఒప్పుకోలు కావాలి, స్టాంపు డ్యూటీ ఖర్చుంటుంది, ఆ ఖర్చు పెట్టడం దండగ కాదు. ఈఎంఐ కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ మొదటి నెల నుంచి డౌన్‌లోడ్ చేసి మీ దగ్గర ఉంచుకోండి. ఒకవేళ పేరు కలపడం ఇప్పట్లో కుదరదని ఆయన అంటే, ఈఎంఐ ఆయన జీతంలోంచి, ఇంటి ఖర్చులు మీ జీతంలోంచి అని మార్చుకుందామనండి. నా పేరు లేని ఇంటికి నా జీతం మొత్తం ఎందుకు పోవాలి అని అడగడంలో అత్యాశ ఏమీ లేదమ్మా. ఆయన ఆలోచిస్తారు. అలా అడిగినందుకు మీ ప్రేమ మీద అనుమానపడితే మాత్రం, నాకు మళ్లీ ఉత్తరం రాయండి.

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో గవర్నమెంట్ టీచర్‌ని. మా బావమరిది 10 లక్షల చీటీ పాడుకున్నప్పుడు నేను, ఇంకో ఇద్దరు జామీను సంతకాలు పెట్టాం. డబ్బు ఎత్తుకుని వ్యాపారంలో పెట్టాడు, కొన్ని వాయిదాలు కట్టి ఆపేశాడు. ఇప్పుడు నా జీతం అటాచ్ అయింది. మా ఇంటావిడను అడిగితే ‘మా తమ్ముడు కావాలని చేశాడా’ అంటుంది. మీ పుట్టింటి గడప ఇక తొక్కనన్నాను. రెండు నెలలుగా మాటల్లేవు. నేనేం తప్పు చేశాను?

జవాబు: గవర్నమెంట్ ఉద్యోగి అన్న ఒక్క కారణానికి బంధువుల్లో ప్రతి చీటీకీ మీ సంతకమే అడుగుతారు, నాకు తెలుసు. కాదంటే పొగరు అంటారు. కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఆ సంతకం అర్థం మీకెవరూ చెప్పినట్టు లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీనుదారుడి బాధ్యత అసలు బాకీదారుతో సమానం. ముందు అతని దగ్గర వసూలు చేసి, రాకపోతేనే నా దగ్గరికి రావాలి అని మీరు అనలేరు. చీటీ వివాదాలు మామూలు సివిల్ కోర్టుకు పోవు, 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర తేలతాయి, ఆ ఉత్తర్వు కోర్టు తీర్పు (డిక్రీ) లాగే అమలవుతుంది.

మీకు ఉపయోగపడే సంగతులు కొన్ని ఉన్నాయి, జాగ్రత్తగా చదవండి. జీతం మొత్తం పట్టుకోవడానికి వీల్లేదు. మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. అంటే లెక్కలోకి వచ్చే జీతం 70 వేలు అనుకుంటే వెయ్యి తీసేసి 69 వేలలో మూడో వంతు, 23 వేలు మాత్రమే పోవాలి. ఒకే డిక్రీ కింద అటాచ్‌మెంట్ మొత్తం 24 నెలలకు మించి సాగదు. మీ జీతం బిల్లు పెట్టే అధికారి (డీడీవో) దగ్గర కూర్చుని ఈ లెక్క సరిచూసుకోండి. రెండోది, మిగతా ఇద్దరు జామీనుదారులు ఎక్కడున్నారు? మొత్తం మీ ఒక్కరి దగ్గరే వసూలైతే వాళ్ల వాటా వాళ్లను అడిగే హక్కు మీకుంది, ముగ్గురిదీ సమాన బాధ్యతే. మూడోది, మీరు కట్టిన ప్రతి రూపాయినీ బావమరిది దగ్గర తిరిగి వసూలు చేసుకోవచ్చు, కట్టిన తేదీ నుంచి మూడేళ్లలోపు అడగాలి, దాటితే కోర్టు వినదు. కాబట్టి రసీదులు, పే స్లిప్పులు భద్రం.

ఇప్పుడు ఇంటి సంగతి. చీటీ ఎత్తుకున్నది మీ బావమరిది, సంతకం పెట్టింది మీరు, శిక్ష మాత్రం మీ భార్యకు పడుతోంది. ఆవిడ తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నట్టు మీకు వినిపిస్తోంది గానీ, నాకైతే ఆవిడ సిగ్గుతో చచ్చిపోతూ ఆ మాట అంటున్నట్టుంది. పుట్టింటివాళ్ల వల్ల మొగుడి జీతం పోతోందంటే ఏ ఆడమనిషీ ప్రశాంతంగా నిద్రపోదు. పుట్టింటి గడప తొక్కననే మాట వెనక్కి తీసుకుని, ఇద్దరూ కలిసే ఆ ఇంటికి వెళ్లండి. మీ మామగారిని కూర్చోబెట్టండి. డబ్బు లేదంటే లేదు, నెలకు ఎంత కట్టగలడో, ఐదు వేలైనా సరే, అంత కడతానని బావమరిది చేత కాగితం రాయించుకోండి, మామగారు సాక్షి సంతకం పెట్టాలి. ఆ మాట అడిగేది మీ భార్య అయితే మరీ మంచిది. అప్పు తీర్చడానికి ఆవిడ నగలు అడగొద్దు, ఆవిడే ఇస్తానన్నా తీసుకోవద్దు. తమ్ముడి బాకీకి అక్క మెడలోవి పోతే ఆ కోపం మీ ఇద్దరి మధ్య ఎప్పటికీ పోదు.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. ఇంట్లోనే బట్టలు కుడతాను. డ్వాక్రా గ్రూపులో నా వంతు లక్ష, స్త్రీనిధిలో 50 వేలు తీసి ఆటో కొంటానంటే మా ఆయనకు ఇచ్చాను. ఆటో రాలేదు, క్రికెట్ బెట్టింగ్ యాప్‌లో పోయింది. మా అమ్మ పెట్టిన గాజులు, గొలుసు కూడా తాకట్టు పెట్టాడు, బీరువా తెరిస్తే గానీ నాకు తెలియలేదు. ఇప్పుడు లోన్ యాప్ వాళ్లు నాకు ఫోన్ చేసి నా ఫొటోలు మార్చి అందరికీ పంపుతామంటున్నారు. ఆయన ఏడుస్తాడు, చచ్చిపోతానంటాడు. ఇద్దరు పిల్లలు. మా అక్క వదిలేసి రమ్మంటోంది. నాకేం తోచట్లేదు మేడం.

జవాబు: అమ్మా, డబ్బు సంగతి తర్వాత. చచ్చిపోతానన్న మాటను బెదిరింపనో నాటకమనో అనుకోవద్దు. 14416 టెలీ మానస్ నంబరు, ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈరోజే మీరు చేసి ఆయన చేత మాట్లాడించండి. ఆయన్ను కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దు, ఆయన అన్నదమ్ములకో తండ్రికో సంగతి చెప్పండి. బెట్టింగ్ కూడా తాగుడులాంటి వ్యసనమే, ఒట్టు వేయిస్తే మానేది కాదు, డాక్టరు కావాలి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది.

ఫొటోల బెదిరింపుకు 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోలీసులు తీసుకుంటారు. వచ్చిన మెసేజ్‌లు తీసేయకుండా స్క్రీన్‌షాట్లు ఉంచండి. లోన్ యాప్ ఏదైనా మన ఫోన్లోని నంబర్లు, ఫొటోలు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని కూడా ఉంది. అన్నిటికంటే ముఖ్యమైంది, మీరు సంతకం పెట్టని, మీ ఫోన్ నుంచి ఓకే చేయని అప్పుకు మీరు బాధ్యులు కాదు. భార్య అయినంత మాత్రాన మొగుడి యాప్ అప్పు మీది కాదు. వాళ్లకు ఒక్క రూపాయి కూడా మీ అకౌంట్ నుంచి పంపకండి.

డ్వాక్రా, స్త్రీనిధి అప్పులు మాత్రం మీ పేరు మీదవి, అవి మీరే కట్టాలి. మీరు ఆపితే పదిమంది ఆడవాళ్ల లోన్ ఆగిపోతుంది. అందుకే వాయిదా తప్పకముందే గ్రూపు మీటింగ్‌లో నిజం చెప్పండి. పరువు పోతుందని అనిపిస్తుంది, నాకు అర్థమవుతుంది, కానీ ఆ పదిమందిలో కనీసం ఇద్దరి ఇంట్లో ఇదే కథ నడుస్తూ ఉంటుంది. సంఘం పెద్దలతో, సంఘాల పని చూసే సీసీతో మాట్లాడి వాయిదా మొత్తం తగ్గించి నెలలు పెంచడానికి వీలుందేమో అడగండి. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు, నూటికి ఐదు వడ్డీకి ఇచ్చే ఫైనాన్స్, ఇంకో యాప్, వీటి దగ్గరికి వెళ్లొద్దు.

మీ అమ్మ పెట్టిన బంగారం మీది. స్త్రీధనం మీద పూర్తి హక్కు భార్యదేనని సుప్రీంకోర్టు 1985లో చెప్పింది, 2024లో మళ్లీ చెప్పింది, కష్టంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందేనని. ఆయన దగ్గర తాకట్టు చీటీ తీసుకోండి, ఎక్కడ పెట్టాడు, గడువెప్పుడు చూడండి. వేలం దాకా పోకుండా వడ్డీ కడుతూ రావాలి, ఆ వడ్డీ ఆయన కూలి డబ్బులోంచే రావాలి. ఈ నగలు మా అత్తగారు నా భార్యకు పెట్టినవి అని ఆయన చేత తారీకుతో కాగితం రాయించుకోండి. మీ కుట్టుపని డబ్బు మీ ఒక్కరి పేరున్న అకౌంట్‌లో వేసుకోండి, ఫోన్‌పే పిన్ ఈరోజే మార్చండి.

ఆ బెట్టింగ్ యాప్‌లు ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచే నిషేధం, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా ఏదో పేరుతో లింకులు వస్తూనే ఉన్నాయి. వాటిని నడిపేవాళ్ల మీద నాకున్న కోపం మీ ఆయన మీద లేదు. ఆయన ఫోన్‌లో యాప్‌లు తీసేయించి కొన్నాళ్లు మామూలు బటన్ ఫోన్ వాడమనండి.

వదిలేయాలా అంటే, ఈ నెలలో ఆ నిర్ణయం తీసుకోవద్దు అంటాను. ఆయన ఏడుస్తున్నాడు, దాచిందంతా బయటపడింది, ఇంకా బాగుపడే దారి ఉంది. చికిత్సకు వస్తాడా, సంపాదన మీ చేతికి ఇస్తాడా, మళ్లీ అబద్ధం చెబుతాడా, చూడండి. కానీ కొట్టినా, ఇంకో లోన్ తీయమని బలవంతం చేసినా ఆగొద్దు. భార్య డబ్బు, నగలు లాక్కోవడం కూడా 2005 గృహహింస చట్టం కింద హింసే, స్త్రీధనం అమ్మకుండా కోర్టు ఆపగలదు. 181కి ఫోన్ చేయండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, దాని నంబరు 15100. మీ అక్క మాట కోపంతో అన్నది కాదు, ఆవిడ ఇంటి తలుపు మీకోసం తెరిచి ఉందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా ఆయన పెళ్లికి ముందు తీసుకున్న పాలసీల్లో, బ్యాంకులో నామినీగా వాళ్లమ్మ పేరే ఉంది. మార్చమంటే ‘నేను పోవాలని చూస్తున్నావా’ అంటారు. అత్తగారు కూడా బాధపడ్డారు. (కాకినాడ)

జవాబు: ఆవిడ బాధపడటానికి కారణం ఉంది, నా పేరు తీసేస్తున్నారు అనుకున్నారు. నిజానికి మీ ఆయన వీలునామా రాయకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లి, భార్య, పిల్లలు అందరికీ సమాన వాటా. ఆవిడ హక్కు నామినేషన్ మీద ఆధారపడి లేదు. నామినీ అంటే యజమాని కాదని, డబ్బు వారసులకే చెందుతుందని షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య, పిల్లలు నామినీలైతే డబ్బు వాళ్లదే అని చట్టంలో ఉంది, దాని మీద కోర్టుల్లో వేర్వేరు తీర్పులు వచ్చాయి. ఆ వివాదం మీ ఇంటికి రాకూడదంటే పాలసీలో అత్తగారికి, మీకు శాతాలు రాసి ఇద్దరినీ నామినీలుగా పెట్టించండి. బ్యాంకు ఖాతాల్లో కూడా 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా నామినీలను శాతాలతో పెట్టుకోవచ్చు. పీఎఫ్‌లో పెళ్లి తర్వాత కొత్త నామినేషన్ ఇచ్చారో లేదో చూడమనండి. ఇకముందు తీసుకునే టర్మ్ పాలసీని (మనిషి పోతేనే డబ్బు వచ్చే బీమా) 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకోమనండి, అప్పులవాళ్లు ఆ డబ్బు ముట్టుకోలేరు, పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి, తర్వాత కుదరదు. ఈ సంగతి మీ ఆయన కంటే ముందు అత్తగారికి చెప్పండి, శాతం ఎంత రాద్దామో ఆవిడనే అడగండి.